స్టోన్‌హౌస్‌పేట మగ్గం షాపులో కుట్టించిన మా వాలీబాల్ అమ్మాయిల జాకెట్లు

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో పెళ్ళి బ్లౌజులకు మగ్గం వర్క్ చేసే ఒక చిన్న షాపు ఉంది. మా కాలేజీ వాలీబాల్ జట్టుకు వర్సిటీ జాకెట్లు, అంటే ఛాతీ మీద కాలేజీ అక్షరం ఉండే జాకెట్లు, అక్కడే కుట్టించాను. జాకెట్ ఒక్కోటి 850 రూపాయలు, ఛాతీ మీద కుట్టే అక్షరానికి విడిగా 180. అమ్మాయిలు ఒక సీజనంతా వేసుకుని తిరిగి, హాస్టల్ బక్కెట్లలో ఉతికి, మేడ మీద ఆరేసి, రెండో సీజను కూడా మొదలయ్యాక రాస్తున్నాను. కాబట్టి ఇది కొత్త బట్ట మోజులో రాసింది కాదు. జాకెట్లు బాగున్నాయి, అక్షరం చాలా బాగుంది. లోపాలు కూడా ఉన్నాయి, అవీ చెబుతాను.

షాపు పేరు రాయొద్దని వాళ్ళే అడిగారు. భార్యాభర్తలిద్దరే పని చేసుకుంటారు. శ్రావణమాసం వచ్చిందంటే బ్లౌజులతోనే వాళ్ళకు తెల్లవారుతుంది, ఇంకా ఆర్డర్లు వస్తే తట్టుకోలేరు. అయితే వాళ్ళు చేసిన పద్ధతిని మగ్గం తెలిసిన ఎవరి చేతనైనా చేయించుకోవచ్చు. కావలిలో, ఒంగోలులో, కందుకూరులో మగ్గం షాపులకు కొదవ లేదు. మన జిల్లాల కాలేజీల ఫిజికల్ డైరెక్టర్లకు (పీడీలకు), స్కూళ్ళ వ్యాయామ టీచర్లకు (పీఈటీలకు) పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ జాకెట్ సంగతి. ఇప్పుడు మన దగ్గర ఇంజనీరింగ్ ఫైనలియర్ అంటే జాకెట్లు కుట్టించాల్సిందే. ముందు పెద్ద ఇంగ్లీషు అక్షరం, వెనక బ్యాచ్ సంవత్సరం. పిల్లలు ముచ్చటపడి వేసుకుంటారు, వాళ్ళను నేనేమీ అనను. కానీ ఆ అక్షరం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక, డబ్బు కట్టిన ప్రతివాళ్ళకూ దాన్ని పంచడానికి నాకు మనసొప్పదు. 1865లో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ బేస్‌బాల్ జట్టు తమ చొక్కాల మీద హెచ్ అక్షరం కుట్టించుకుంది. పదేళ్ళకు ఫుట్‌బాల్ జట్టు కూడా అదే చేసింది. అక్కడొక కట్టుబాటు పెట్టుకున్నారు. పెద్ద మ్యాచ్‌లో దిగి ఆడినవాడే ఆ చొక్కా ఉంచుకోవాలి, ఆడనివాడు సీజన్ అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. 1891లో అక్షరం స్వెట్టర్ మీదకు వచ్చింది. తర్వాత 1930ల నుంచి ఉన్ని గుడ్డ, తోలు చేతులు ఉన్న జాకెట్ వచ్చింది. మిగతా కాలేజీలూ, హైస్కూళ్ళూ అదే దారిలో నడిచాయి. జాకెట్ ఎవరికి వాళ్ళు కొనుక్కోవచ్చు, అక్షరం మాత్రం ఆటలో సంపాదించుకోవాలి. రెండో ఏడు కూడా ఆడితే అదే అక్షరానికి ఒక చిన్న పట్టీ చేరుస్తారు.

అక్కడ ఆడపిల్లలకు ఈ గౌరవం అంత తొందరగా దక్కలేదు. చదువు చెప్పే చోట ఆడామగా తేడా చూపకూడదనే టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది. ఆ తర్వాతే కాలేజీల్లో ఆడపిల్లల జట్లకు డబ్బు, కోచ్‌లు, గ్రౌండ్లు ఒక పద్ధతిగా రావడం మొదలైంది. నేను కావలి వైపు ఒక మహిళా డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. ఆటల ఫీజులో ఆడపిల్లల వాటా కోసం ఏటా అడగాల్సి వచ్చే ఉద్యోగం నాది. అందుకే ఆ సంవత్సరం నాకు గుర్తుండిపోయింది.

మా అక్క కూతురు మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్‌హెర్స్ట్‌లో ఎం.ఎస్. చదివింది. దాని గ్రాడ్యుయేషన్‌కని మే నెలలో వెళ్ళాను. ఆ చుట్టుపక్కల ఐదు కాలేజీలున్నాయి, వాటిని కలుపుతూ బస్సులు తిరుగుతాయి. మిగతావాళ్ళు న్యూయార్క్, నయాగరా చూడ్డానికి పోతే నేను ఆ బస్సులెక్కి కాలేజీల గ్రౌండ్లు చూస్తూ తిరిగాను. వాటిలో నాకు బాగా నచ్చింది సౌత్ హాడ్లీ అనే చిన్న ఊళ్ళో ఉన్న మౌంట్ హోల్యోక్ కాలేజీ. మేరీ లయన్ అనే టీచరు ఆడపిల్లల చదువు కోసం ఊరూరా చందాలు పోగుచేసి 1837లో మొదలుపెట్టింది. ఆమె సమాధి కూడా ఆ క్యాంపస్‌లోనే ఉంది. గ్రాడ్యుయేషన్‌కు ముందు అక్కడ లారెల్ పరేడ్ జరుగుతుంది. పూర్వ విద్యార్థినులంతా తెల్లబట్టలు వేసుకుని బ్యాచ్‌ల వారీగా నడుస్తారు. ఆ ఏడు చదువు పూర్తయిన అమ్మాయిలు లారెల్ ఆకుల పొడవాటి దండను భుజాల మీద మోసుకెళ్ళి ఆ సమాధి కంచెకు చుడతారు.

ఆ కాలేజీలో నాలుగు రంగులున్నాయి: ఆకుపచ్చ, ఎరుపు, నీలం, పసుపు. చేరిన ఏడాదిని బట్టి ప్రతి బ్యాచ్‌కూ ఒక రంగు వస్తుంది. ఒక్కో రంగుకు ఒక్కో గుర్తు కూడా ఉంది. నీలానికి సింహం, ఎరుపుకు రెక్కల గుర్రం, అలాగే మిగతా రెండింటికీ. ఒక బ్యాచ్ చదువు ముగించి వెళ్ళిపోతే దాని రంగు కొత్తగా చేరినవాళ్ళకు వస్తుంది. అందువల్ల ఎప్పుడో చదివి వెళ్ళిపోయిన అవ్వకూ, ఇప్పుడు ఫస్టియర్‌లో ఉన్న పిల్లకూ ఒకే రంగు కలుస్తుంది. చేతికర్ర పట్టుకుని నడుస్తున్న ఒక పెద్దావిడ, పక్కన నిలబడి చూస్తున్న అమ్మాయి మెడలోని ఎర్ర కండువా చూసి ఆగి పలకరించి, ఎవరో చుట్టాలమ్మాయితో మాట్లాడినట్టు మాట్లాడింది. ఇదేదో మనమూ చేయొచ్చు కదా అని నాకు అక్కడే అనిపించింది. ఇంకో ఆచారం మా అక్క కూతురి స్నేహితురాలు చెప్పింది. ఆకురాలే కాలంలో ఒకరోజు పొద్దున్నే గంటలు మోగుతాయి, ఆ రోజు క్లాసులుండవు, అందరూ కొండెక్కాలి. ఏ రోజన్నది ముందుగా ఎవరికీ చెప్పరు. 1838 నుంచీ నడుస్తోందట. హాస్టల్‌లో రాత్రిపూట చదువుకునేవాళ్ళకు పాలు, బిస్కెట్లు పెట్టే అలవాటు కూడా ఉంది. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో పొద్దుట అయిదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లలో కూర్చుని, గ్రౌండ్ అన్నదే చూడకుండా ఇంటర్ ముగించి డిగ్రీకి నా దగ్గరికి వచ్చే పిల్లలు గుర్తొచ్చి బాధేసింది. పరుగెత్తమంటే వంద మీటర్లకే ఆయాసపడతారు.

ఇంకో బస్సెక్కితే నార్తాంప్టన్‌లో స్మిత్ కాలేజీ. అక్కడ సెండా బెరెన్సన్ అనే టీచరు 1892లో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పించింది. 1893 మార్చిలో ఫస్టియర్ వాళ్ళకూ సెకండియర్ వాళ్ళకూ మ్యాచ్ పెట్టింది. మగవాళ్ళెవరూ చూడకుండా తలుపులు మూసి ఆడించారు. సెకండియర్ వాళ్ళు 5–4తో గెలిచారు. కొత్తగా చేరిన పిల్లలకు ఆ మ్యాచ్ గురించి తప్పకుండా చెబుతాను. షార్ట్స్ వేసుకుని ఆడతామంటే ఇంట్లో ఒప్పుకోని తల్లిదండ్రులు మన ఊళ్ళల్లో ఇప్పటికీ ఉన్నారు. మూసిన తలుపుల వెనకైనా సరే, ఆట అంటూ మొదలైతే ఆ తలుపులు ఏదో ఒకనాటికి తెరుచుకుంటాయని పిల్లలకు తెలియాలి.

మౌంట్ హోల్యోక్ దగ్గర కనెక్టికట్ నది దాటితే హోల్యోక్ పట్టణం. మా వాలీబాల్ పుట్టింది అక్కడే, 1895లో, వైఎంసీఏలో (క్రైస్తవ యువజన సంఘంలో) పనిచేసే విలియం మోర్గాన్ చేతుల్లో. ఇంకాస్త దక్షిణానికి పోతే స్ప్రింగ్‌ఫీల్డ్. 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ రెండు పీచ్ పండ్ల బుట్టలు బాల్కనీకి కొట్టించి బాస్కెట్‌బాల్ ఆడించింది అక్కడి వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్లో. ఆ సంస్థలోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ మద్రాసు వచ్చి 1920లో వ్యాయామ విద్య కాలేజీ పెట్టాడు. అప్పటికి మన నెల్లూరు, ఒంగోలు మద్రాసు కిందే ఉన్నాయి. నేను బీపీఈడీ (వ్యాయామ విద్యలో డిగ్రీ) చేసింది చెన్నై నందనంలోని ఆ కాలేజీలోనే. అందుకే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బస్సు దిగినప్పుడు మా గురువుల ఊరికి వచ్చినట్టే అనిపించింది.

తిరిగొచ్చాక జట్టుకు జాకెట్లు కుట్టించాలని నిర్ణయించాను. అక్షరం మాత్రం తెలుగులోనే, మా ఊరి పేరులోని మొదటి అక్షరం, క. ఆన్‌లైన్‌లో వాకబు చేస్తే తక్కువలో తక్కువ పాతిక పీసులు తీసుకోవాలన్నారు. అక్షరం అన్నిటికీ ఒకేసారి వేసి పంపుతారట. తెలుగు అక్షరం కావాలంటే ప్రింటే తప్ప కుట్టు కుదరదన్నారు. నాకు కావలసింది వేరు. జాకెట్లు ముందు రావాలి. అక్షరాలు మ్యాచ్‌లు అయిపోయాక, ఎవరికి రావాలో వాళ్ళకే, ఒక్కొక్కటిగా రావాలి.

స్టోన్‌హౌస్‌పేట షాపుకు వెళ్ళింది నిజానికి మా చెల్లెలి బ్లౌజు కోసం. మగ్గం మీద పని చేస్తున్న ఆవిడకు ఊరికే నా ఫోన్‌లో ఒక పాత అమెరికన్ జాకెట్ అక్షరం ఫోటో చూపించాను. ఆమె దాన్ని పెద్దది చేసి చూసి, "ఇది మన గొలుసుకుట్టే మేడమ్. జరీ బదులు ఉన్ని పెట్టారు, అంతే" అంది. నిజమే. ఆ అక్షరాలు షనీల్ అనే పద్ధతిలో, ఉన్ని దారంతో గొలుసులూ లూపులూ వేసి నింపినవి. అక్కడ దానికి మిషన్లున్నాయి. ఈమె చేతి సూదితో చేస్తానంది. వాళ్ళాయన టైలర్, జాకెట్ ఆయన కుడతానన్నారు. అప్పటికప్పుడు ఆర్డరు మాట్లాడుకున్నాం.

అక్షరం మీద ఆమె పెట్టిన శ్రద్ధ గురించి చెప్పాలి. కంప్యూటర్ ఫాంట్ తీసుకోలేదు. వాళ్ళ మామగారు ఒకప్పుడు షాపుల బోర్డులు రాసేవారట, ఆయన చేత క రాయించింది. బ్రష్‌తో రాసే మనిషి చేతిలో తలకట్టు ఎంత నిండుగా వచ్చిందో చూడాలి. మగ్గానికి కాటన్ గుడ్డ బిగించి, పైన తెల్ల ఫెల్ట్ (అదిమి చేసిన మందపాటి గుడ్డ) వేసి, అక్షరం దించి, ముందు అంచు చుట్టూ ఒక వరస గొలుసుకుట్టు వేసింది. తర్వాత ఆ అంచు వెంటే లోపలికి వరసలు నింపుకుంటూ వచ్చింది. మామూలు మగ్గం సూది కొక్కేనికి స్వెట్టర్ ఊలు పట్టలేదు. ఊలు పోగులు విడదీసి పల్చన చేసి, కాస్త లావు సూది తెచ్చుకుంది. మొదటి నమూనా మూడంగుళాల్లో చేస్తే ఊలు ఉబ్బి కింది వంపు మధ్య ఖాళీ మూసుకుపోయింది, దూరం నుంచి అది క అని తెలియలేదు. ఆమే దాన్ని పక్కన పడేసి అయిదంగుళాలకు పెంచింది. వెనక కాన్వాస్ అంటించి, చుట్టూ ఫెల్ట్ ఒక గీత మందాన వదిలి కత్తిరించింది. ఇన్ని ఉతుకుల తర్వాత కూడా ఒక్క గొలుసు ఊడలేదు, అక్షరం ముడుచుకోలేదు. ఇంత పనికి 180 రూపాయలు తక్కువని నా అభిప్రాయం. రెండో ఏడు నుంచి నేనే 250 ఇస్తున్నాను.

జాకెట్ గుడ్డ లూప్‌నిట్ కాటన్, లోపలి వైపు చిన్న దారపు లూపులుండే అల్లిక గుడ్డ. ఒళ్ళు మెరూన్, చేతులు మీగడ రంగు. అమెరికాలో లాగా ఉన్ని, తోలు మన ఎండలకు కుదరవు. డిసెంబరు, జనవరి పొద్దుటి ప్రాక్టీసుకు, ముసురు పట్టిన రోజుల్లో, రాత్రి రైలు ప్రయాణాలకు ఈ గుడ్డ సరిపోయింది. కొలతలకు భార్యాభర్తలిద్దరూ ఒక ఆదివారం మా గ్రౌండ్‌కే వచ్చారు. కొలతలు ఆవిడే తీసుకుంది. ఆయన పక్కన నిలబడి, "బ్లాక్ వేసేటప్పుడు చెయ్యి ఎట్ట లేపుతావమ్మా, అట్ట లేపు" అని ప్రతి అమ్మాయినీ అడిగి, చంక కింద అదనంగా ఒక ముక్క అతికారు. స్మాష్ కొట్టే చెయ్యి లేపినా జాకెట్ నడుము పైకి లేవదు. రెడీమేడ్‌లో ఈ సుఖం లేదు.

మెడకు, నడుముకు, మణికట్టుకు వేసే రిబ్‌లో, అంటే సాగే అల్లిక పట్టీలో, బ్యాచ్ రంగు గీత పెట్టించాను. మౌంట్ హోల్యోక్ నుంచి తెచ్చుకున్న నాలుగు రంగులే. మా దగ్గర వెళ్ళిపోయిన బ్యాచ్ రంగు కొత్తగా చేరినవాళ్ళకు ఇస్తున్నాం. పోయినేడు చదువు ముగించి ఇప్పుడు సచివాలయంలో ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి, తన నీలం ఎవరికి వచ్చిందో చూడ్డానికి గ్రౌండ్‌కు వచ్చి, ఆ పిల్లకు సర్వీసు ఎలా వేయాలో సాయంత్రం దాకా నేర్పించి వెళ్ళింది.

ఇక లోపాలు. చెప్పిన తేదీకి ఇవ్వలేదు. వినాయక చవితికి అన్నవి దసరాకు చేతికొచ్చాయి. పసుపు రిబ్ తిరుప్పూర్ నుంచి రావడం ఆలస్యమైందన్నారు. శ్రావణంలో పెళ్ళి బ్లౌజులు ముందు పెట్టుకున్నారన్నదీ నిజమే. మెరూన్ రంగు మొదటి ఉతుకులో దిగి మూడు జాకెట్ల చేతులకు గులాబీ మరకలు పట్టాయి. వాటిని వాళ్ళే తీసుకెళ్ళి డబ్బులడగకుండా చేతులు మార్చి ఇచ్చారు. కానీ గుడ్డ ముందే నానబెట్టి కుట్టి ఉంటే ఈ తంటా ఉండేది కాదు. మణికట్టు రిబ్ కొన్నిటికి సాగిపోయింది. జేబులు లోతు తక్కువ, ఫోన్ పెట్టుకుని వంగితే జారి పడుతుంది. టిచ్ బటన్లు మాత్రం గట్టివి, ఒక్కటీ ఊడలేదు.

అక్షరాలు ఇచ్చింది యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్ మ్యాచ్‌లు అయ్యాక. కోర్టులోకి దిగి ఆడినవాళ్ళకే. జాకెట్ డబ్బు అమ్మాయిలు సగం, కాలేజీ సగం పెట్టుకున్నాం. అక్షరం ఖర్చు పూర్తిగా ఆటల ఫీజులోంచే. ఎవరూ దాన్ని కొన్నట్టు ఉండకూడదని ప్రిన్సిపాల్ గారికి చెబితే ఆయన వెంటనే ఒప్పుకున్నారు. మొదటి అక్షరం తుమ్మలపెంట నుంచి వచ్చే మా లిబెరోకి, అంటే వెనక వరసలో బంతి కింద పడకుండా కాపాడే అమ్మాయికి, ఇచ్చాను. లిబెరో స్మాష్ కొట్టకూడదు, ఫొటోల్లో కనపడదు, నేల మీద పడీ పడీ మోచేతులు కొట్టుకుపోతాయి. ప్రేక్షకులకు గుర్తుండని ఆ ఆటకు తొలి గౌరవం దక్కాలని నా కోరిక. బెంచీ మీద ఉండిపోయిన ఒక ఫస్టియర్ అమ్మాయి తండ్రి వచ్చి, "మేమూ డబ్బు కట్టాం కదా మేడమ్, మా పిల్లకెందుకు లేదు" అని అడిగారు. ఆయన అడగడంలో తప్పు లేదు. నేను జవాబు చెప్పేలోపే ఆ అమ్మాయి, "వచ్చే ఏడు ఆడి తెచ్చుకుంటాలే నాన్నా" అంది. ఈ ఏడు సెట్టర్‌గా (స్మాష్ కొట్టేవాళ్ళకు బంతి అందించే స్థానంలో) ఆడింది. ఒక్క అక్షరమే కావాలని ఫోన్ చేస్తే షాపువాళ్ళు ఒక్కటే చేశారు, ఒక్కటే కదా అని ధర పెంచలేదు. అమ్మాయి తండ్రితో కలిసి వెళ్తే అక్కడే కూర్చోబెట్టి జాకెట్‌కు కుట్టి ఇచ్చారు. పాతిక పీసుల లెక్క చెప్పే కంపెనీలు ఎన్ని ఉన్నా, నేను మళ్ళీ ఈ షాపుకే వెళ్ళడానికి కారణం ఇదే.

ఆ పాత కాలేజీల ఆచారాలన్నీ తెచ్చుకోవాలని నేను అనడం లేదు. చాలా చోట్ల ఫస్టియర్ పిల్లలకు చిన్న టోపీలు పెట్టించి, పెట్టుకోని వాళ్ళను సీనియర్లు ఏడిపించేవాళ్ళు. 1960ల తర్వాత అది చాలావరకు పోయింది, పోవడమే మంచిది. మన రాష్ట్రంలో ర్యాగింగ్‌ను నిషేధిస్తూ 1997లోనే చట్టం ఉంది. మా జట్టులో సీనియర్ బంతులు మోయించదు. బంతుల సంచి ఆ రోజు కెప్టెనే మోస్తుంది.

మీరూ చేయించాలనుకుంటే ఆర్డరు ఆషాఢంలో ఇవ్వండి. అప్పుడు పెళ్ళిళ్ళుండవు కాబట్టి మగ్గం షాపుల్లో పని తక్కువ, మీ అక్షరం మీద కూర్చునే తీరిక వాళ్ళకుంటుంది. గుడ్డ ఉప్పునీళ్ళలో నానబెట్టి ఆరేశాకే కత్తిరించమని చెప్పండి. ఊలు మీరే కొనివ్వండి, ఒకే లాట్‌లో రెండేళ్ళకు సరిపడా తీసుకుంటే రంగు తేడా రాదు. అక్షరం అయిదంగుళాలకు తగ్గనివ్వకండి. జేబు ఏడంగుళాల లోతు, జిప్పుతో అడగండి. అడ్వాన్సు సగానికి మించి ఇవ్వనక్కర్లేదు.